హనుమకొండలో కంటి క్లినిక్: అద్దాలకని పోతే ముందు బీపీ చూశారు

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి ఆ మెట్లకు తీసేశా.

పోయిన ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ రోజు. నాకు ఎనిమిదో నెల. తాంబాళంలో గునుగు, తంగేడు పేరుస్తుంటే పూల మీద మిణుగురుల్లా మెరుపులు. కళ్లు మూసుకున్నా పోలేదు. తలనొప్పి సరేసరి. "కడుపుతో ఉంటే ఇట్లనే అయితది బిడ్డా, కాళ్లవాపు లెక్కనే" అన్నది అత్తమ్మ. సాయంత్రం ఓ అద్దాల షాపులో కంప్యూటర్ టెస్ట్ చేసి, నంబర్ వచ్చిందని 1,800 అడ్వాన్స్ కట్టించుకున్నారు.

తెల్లారి చూస్తే గోడ క్యాలెండర్‌లో తేదీల మధ్య బూడిదరంగు మచ్చ. భయమేసి ఈ క్లినిక్‌కు పోయాం.

రిసెప్షన్‌లో అమ్మాయి "ఎన్నో నెల అక్కా?" అని అడిగి, అక్షరాల చార్ట్ జోలికి పోకుండా చేతికి బీపీ పట్టీ చుట్టింది. 168/112. కాసేపాగి మళ్లీ చూస్తే 166/110. వరుసలో ఇరవై మంది ఉన్నా నన్నే లోపలికి పంపింది. మేడం లైట్లు ఆర్పి, చేతిలో పట్టుకునే చిన్న లైటుతో కంటి లోపలికి చూశారు. "రక్తనాళాలు బిగుసుకుపోయి సన్నబడ్డయ్ తల్లీ. అద్దాలతోని పోయేది కాదిది, బీపీది. మెరుపులొస్తున్నయంటే ఫిట్స్ దాకా పోవచ్చు. ఇయ్యాలే అడ్మిట్ కావాలె" అన్నారు. గైనిక్ మేడంకు తనే ఫోన్ చేశారు. ఫీజు తర్వాత చూద్దామన్నారు.

ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతే ప్రీఎక్లాంప్సియా అంటారట. నాకు రెండూ ఉన్నాయి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కిస్తుంటే ఒళ్లంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టు మండింది. మూడో రోజు ఆపరేషన్, పాప 1.9 కిలోలు. ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది.

ఆరు వారాలకు మళ్లీ పోతే చుక్కలు వేసి చూశారు. నాళాలు మామూలైపోయాయి, చూపు 6/6.

ఇక మెట్లు. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. ఆ రోజు మా ఆయన రెక్క పట్టుకుని ఎక్కించారు. ఇంకోటి, చుక్కలు వేశాక ఎండలో ఏమీ కనబడదని ముందే చెప్పాల్సింది. చౌరస్తా దాకా కొంగు కప్పుకునే వచ్చా.

అద్దాల షాపు వాళ్లు అడ్వాన్స్ వాపస్ ఇవ్వలేదు. ఆ ఫ్రేమ్‌లోనే అత్తమ్మకు దగ్గరి చూపు అద్దాలు బిగించుకొచ్చాం.