పదేళ్ళ పిల్లాడు కూడా పెట్టగలిగే కరెంటు కేబుల్: నాలుగు వేసవులు వాడాక

ముందే చెప్పేస్తున్నాను, బండి వెనక లాక్కెళ్ళే మా క్యాంపింగ్ ట్రైలర్‌కి పార్కులోని కరెంటు స్తంభం నుంచి కరెంటు తెచ్చే ఈ కేబుల్ అంటే నాకు ఇష్టం. ట్రైలర్‌లో ఉన్న ఏసీ కన్నా, ఫ్రిజ్ కన్నా ఎక్కువ ఇష్టం. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి. జనవరి చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే, బొటనవేలంత లావు, పాతిక అడుగుల పొడవు ఉన్న నల్ల కేబుల్‌ని ట్రైలర్ పక్కనున్న చిన్న కంతలోకి జానెడు జానెడు చొప్పున కుక్కినవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. సగం పోయాక లోపల ఎక్కడో మెలిపడి అడ్డం తిరుగుతుంది. మళ్ళీ బయటికి లాగు, మళ్ళీ తోయి. కొండచిలువని చెంబులోకి ఎక్కించినట్టుంటుంది.

ఇప్పుడు ఆ గొడవ లేదు. ట్రైలర్ గోడకి ఒక ఇన్‌లెట్ ఉంది. కేబుల్ మూతిని దానికి ఆనించి లోపలికి తోసి, కుడివైపుకి కొద్దిగా మెలితిప్పి, పైన రింగు బిగిస్తే అయిపోయింది. బయల్దేరేటప్పుడు విప్పేసి, చుట్టచుట్టి వెనక అరలో పడేయడమే. పెట్టిన కొత్తలో డాలస్‌లో మా స్నేహితులు ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ణి: "మా పదేళ్ళవాడు కూడా పెట్టేస్తున్నాడు." ఆ మాటలో ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి.

అసలు మార్చాల్సి రావడానికి కారణం ఎలుక. 2020 వేసవిలో అందరిలాగే మేమూ కరోనా పిచ్చిలో పడి ఒక పాత 22 అడుగుల ట్రైలర్ కొన్నాం. చలికాలం ఊరి బయట అద్దె స్థలంలో పెట్టి వదిలేశాం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా మంచుకి గడ్డకట్టి, రోజుల తరబడి కరెంటు లేక అల్లాడినప్పుడు, మనుషులు దుప్పట్లు వెతుక్కున్నట్టే ఎలుకలు మా ట్రైలర్ వెతుక్కున్నాయి. కేబుల్ లోపలికీ బయటికీ వెళ్ళే ఆ కంతని ఇక్కడ అందరూ 'మౌస్ హోల్' అంటారు. పేరు పెట్టినవాడెవడో గానీ జరగబోయేది చూసే పెట్టాడు. మార్చిలో కేబుల్ బయటికి లాగితే మధ్యలో బెత్తెడు మేర పై తొడుగు లేదు. లోపల ఆకుపచ్చ వైరు కనిపిస్తోంది, తెల్ల వైరు మీద పంటి గాట్లు. పైన ఎలక్ట్రికల్ టేపు చుట్టి వాడేద్దామా అన్న ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. మా నాన్నగారు పక్కనే ఉండబట్టి ఆగాను.

నాన్నగారు తెనాలిలో కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. అప్పుడు విమానాల కోసం ఎదురుచూస్తూ మా దగ్గరే ఆగిపోయారు. డ్రైవ్‌వేలో మడత కుర్చీ వేసుకుని కూర్చుని, "టేపు సంగతి మర్చిపో. తడి నేల మీద పడుండే వైరు అది" అన్నారు. సరే, మారిస్తే ఏం మార్చాలి? ఉన్నట్టే కొత్త కేబుల్ కొని లోపలి ప్యానెల్ దాకా వేసుకోవచ్చు. లేదంటే ఎలుక కొరికిన చోటు కోసేసి, లోపల బాగున్న నాలుగడుగుల ముక్కని అలాగే ఉంచి, దాని కొసకి గోడ ఇన్‌లెట్ తగిలించి, బయటి కేబుల్‌ని విడదీసుకునేలా చేయొచ్చు. కంత పీడ విరగడవుతుందని నేను రెండోదే ఎంచుకున్నాను. 30 అడుగుల కేబుల్‌కి ఎనభై చిల్లర, ఇన్‌లెట్‌కి నలభై అయిదు డాలర్లు అయ్యాయి. కంతకి అడ్డంగా వేసే ప్లేటూ, వాన నీళ్ళు దిగకుండా చుట్టూ అంటించే బ్యూటిల్ టేపూ వేరే.

ట్రైలర్‌కి బయటి కరెంటు లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, బ్యాటరీ వైరు కూడా ఊడదీసి పని మొదలుపెట్టాం. ఇన్‌లెట్ వెనక మూడు స్క్రూలు: ఒకటి ఇత్తడి రంగు, ఒకటి వెండి రంగు, ఒకటి ఆకుపచ్చ. నాన్నగారు నల్ల వైరు పట్టుకుని తిన్నగా వెండి స్క్రూ దగ్గరికి తీసుకెళ్ళారు.

"నాన్నా, అది కాదు. ఇక్కడ నలుపే ఫేజు. తెలుపు న్యూట్రలు."

"నలుపు ఫేజేంట్రా? ఎరుపేదీ?"

"ఎరుపు లేదు. నలుపు ఇత్తడికి, తెలుపు వెండికి, ఆకుపచ్చ ఎర్త్‌కి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని వైరు వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. ముప్ఫై ఏళ్ళు ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్ అని చేతులకి అలవాటైన మనిషి. ఇండియాలో వైరింగు నేర్చుకుని వచ్చి ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టేవాళ్ళు ఈ ఒక్క విషయం అరచేతి మీద రాసుకోవాలి. అది చాలదన్నట్టు, మా ట్రైలర్‌లో 12 వోల్టుల బ్యాటరీ వైర్లు కూడా నలుపూ తెలుపే, అందులో నలుపు ప్లస్. కారు అలవాటుతో నలుపుని మైనస్‌కి బిగిస్తే కన్వర్టర్ (బయటి 120 వోల్టుల్ని 12గా మార్చే పెట్టె) ఫ్యూజులు ఎగిరిపోతాయి.

అలవాటైన రంగులు మారినా ఆయన పనితనం మారలేదు. రాగి పోగులు ఒక్కటి కూడా విడిపోకుండా మెలిపెట్టి, స్క్రూ బిగించి, ఒక్కో వైరునీ గట్టిగా లాగి చూశారు. "రేపు పొద్దున మళ్ళీ బిగించు, పోగులు సర్దుకుంటాయి" అన్నారు. నేను ఊరికే అంటున్నారనుకున్నాను. మర్నాడు స్క్రూడ్రైవర్ పెడితే మూడూ పావు చుట్టు తిరిగాయి. ఊరి నుంచి తెచ్చుకున్న టెస్టర్ పెట్టి సాకెట్‌లో చూస్తే, 230 వోల్టులు మరిగిన ఆ టెస్టర్ ఇక్కడి 120కి గుడ్డిదీపంలా వెలిగింది. "వచ్చింది, కానీ నీరసంగా ఉంది" అన్నారు నాన్నగారు.

ఆ తర్వాత రెండేళ్ళు చెప్పుకోడానికేం లేదు. వానలో తడిసింది, బురదలో దొర్లింది, పని చేసింది. క్యాంపింగ్ సైటుకి చేరగానే మావాడు దూకి, "నాన్నా నేను పెడతా" అని కేబుల్ తీసుకెళ్ళేవాడు. నేను బ్రేకర్ ఆపి ఉందో లేదో చూసి ఊరుకునేవాణ్ణి.

2023 జులైలో పాలో డ్యూరో వెళ్ళాం. అమరిల్లో ఊరి పక్కన, బల్లపరుపు నేల మధ్యలో ఉన్నట్టుండి భూమి చీలినట్టుండే పెద్ద లోయ. ట్రైలర్ లాక్కుంటూ ఆ వాలు రోడ్డు దిగుతుంటే బ్రేకుల మీద కాలు తీయబుద్ధి కాదు. అడుగున అంతా ఎర్రమట్టి. ఆరోజు ఎండ 104 డిగ్రీలు, అంటే మన లెక్కలో 40. మావాడు కేబుల్ పెట్టాడు, రింగు బిగించాడు, నేను దూరం నుంచే చూసి శభాష్ అన్నాను.

సాయంత్రం ఏసీ నడుస్తోంది. స్నానాలకని వాటర్ హీటర్ గ్యాస్ మీద కాకుండా కరెంటు మీద వేశాను. పార్కు కరెంటు ఎటూ అద్దెలోనే ఉంది కదా అని కక్కుర్తి. రైస్ కుక్కర్ అప్పుడే వార్మ్‌లోకి వచ్చింది. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, "ఏమండీ, ఎవరో చేపలు వేయిస్తున్నారు" అంది. నాకూ వచ్చింది వాసన. బయటికెళ్ళి చూశాను. ఎడమ పక్క సైటు ఖాళీ. కుడి పక్క ముసలాయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు, పొయ్యి కూడా వెలిగించలేదు. తిరిగి వస్తుంటే మా ట్రైలర్ పక్కకొచ్చేసరికి వాసన ముక్కు బద్దలుకొట్టింది.

వేడెక్కిన కరెంటు సామాను ప్లాస్టిక్ కొన్నిసార్లు చేపల వాసన వేస్తుంది. ఎప్పుడో చదివాను గానీ ముక్కుకి తగిలేదాకా నమ్మలేదు.

రింగు మీద వేలు పెట్టి వెనక్కి తీసేసుకున్నాను. పరిగెత్తి స్తంభం దగ్గర బ్రేకర్ ఆపేశాను. ఆపే ముందు అక్కడ తగిలించిన సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజి తేడాల నుంచి కాపాడే పెట్టె) మీద అంకెలు చూశాను: 117 వోల్టులు, 25 ఆంపులు, అంతా పచ్చగా ఉంది. అంతకుముందే లోపల సాకెట్‌లో పెట్టుకున్న చిన్న మీటరు 112 చూపిస్తుంటే, ఎండకి పార్కులో అందరూ ఏసీలు వేశారులే అని వదిలేశాను. స్తంభం దగ్గర 117 ఉండి లోపల 112 ఉంటే మధ్యలో అయిదు వోల్టులు ఎవరో తినేస్తున్నట్టే కదా. 30 అడుగుల పదో గేజి (వైరు మందం కొలత) కేబుల్ 25 ఆంపులకి తినేది ఒకటిన్నర వోల్టు. లోపలి వైర్లకి కొంత వదిలేసినా, మూడు వోల్టుల దాకా ఆ మూతి దగ్గరే పోతున్నాయి. 3 వోల్టులు, 25 ఆంపులు: 75 వాట్లు. గుప్పెడంత రబ్బరు మూతిలో 75 వాట్ల పాత బల్బు వెలుగుతున్నట్టు లెక్క.

బ్రేకర్ ఎందుకు పడలేదంటారా? అది చూసేది ఎన్ని ఆంపులు పోతున్నాయనే. అది 30 ఆంపులది, 30 దాటలేదు కాబట్టి దానికి బాధ లేదు. స్తంభం దగ్గరున్న ప్రొటెక్టర్‌కి తన దగ్గర ఎంత వోల్టేజి ఉందో తెలుసు గానీ, తన తర్వాత ఎక్కడ పోతోందో తెలియదు. మూడు వందల డాలర్లు పోసి కొన్నది అలా పచ్చదీపం వెలిగించుకుని కూర్చుంది. ఆ పూట మమ్మల్ని కాపాడింది మా ఆవిడ ముక్కు.

చల్లారాక విప్పితే సంగతి తెలిసింది. మెలి పూర్తిగా పడలేదు. ఎర్రమట్టి పొడి గాడిలో చేరి సగంలో ఆపేసింది. రింగు మాత్రం పైకి బుద్ధిమంతుడిలా బిగుసుకుంది, లోపల సంగతి కనపడనీయకుండా. కేబుల్ మూతిలో ఒక చీలిక చుట్టూ ప్లాస్టిక్ అప్పడంలా ఉబ్బి, చాక్లెట్ రంగుకి తిరిగింది. ఇన్‌లెట్ లోపలి రేకు కూడా నల్లబడింది. పిల్లవాడి మొహం చిన్నబోయింది. "తప్పు నీది కాదురా, చూడకుండా శభాష్ అన్నవాడిది" అన్నాను. ఆ మాట నిజం కూడాను.

ఆ రాత్రి ఏసీ లేదు. బ్యాటరీ మీద చిన్న ఫ్యాను, తెరిచిన కిటికీలు, లోయ గోడలు వదిలే వేడి. రెండింటి దాకా ఎవరూ పడుకోలేదు. పొద్దున్నే అమరిల్లో ఊళ్ళోకి వెళ్ళి కొత్త మూతీ, కొత్త ఇన్‌లెట్టూ తెచ్చుకున్నాను. మూతి కోసేసి వైరు చెక్కితే రాగి నల్లగా ఉంది. ఇంకో ఆరంగుళాలు కోశాను, ఇంకా నలుపే. అడుగున్నర పోయాక గానీ మెరిసే రాగి తగల్లేదు. మాడిన రాగిని స్క్రూ కింద పెట్టి బిగిస్తే మళ్ళీ అదే కథ మొదలవుతుంది కాబట్టి కక్కుర్తి పడలేదు.

అప్పటి నుంచి కొన్ని అలవాట్లు మారాయి. పెట్టేముందు రెండు మూతుల్లోకీ ఊది, గుడ్డతో తుడుస్తాం. మెలితిప్పాక, రింగు బిగించకముందే వెనక్కి లాగి చూస్తాం, ఊడిరాకపోతేనే రింగు. ఏసీ వేసిన అరగంటకి రింగు మీద చెయ్యి పెడతాను. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి తీయాలనిపిస్తే అన్నీ ఆపేస్తాను. ఏసీ ఉన్నప్పుడు వాటర్ హీటర్ గ్యాస్ మీదే. గంటల తరబడి లాగేటప్పుడు 30లో 24 ఆంపులు దాటకూడదన్నది ఇక్కడి లెక్క. అది చదివినప్పుడు కన్నా కాలినప్పుడు బాగా ఎక్కింది. ఏటా మార్చిలో ఇన్‌లెట్ వెనక స్క్రూలు బిగిస్తాను. రోడ్డు కుదుపులకి ప్రతిసారీ కొంచెం తిరుగుతూనే ఉన్నాయి, నాన్నగారి మాట ఒకరోజుతో అయిపోలేదు.

ఇదే డబ్బుతో మామూలు కేబుల్ నేరుగా ప్యానెల్ దాకా వేసుకుని ఉంటే ఈ అతుకే ఉండేది కాదు, అతుకు లేకపోతే మాడేదీ ఉండేది కాదు. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా ఇప్పుడు మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. మేం ఏడాదికి ఆరేడుసార్లు, రెండు మూడు రాత్రుల చొప్పున వెళ్తాం. ప్రతిసారీ విప్పి చుట్టడమే మాకు ఎక్కువ పని, అందుకని సరిపోయింది. ఆ కంత మూసేశాక ఎలుక మళ్ళీ రాలేదు. అదే ట్రైలర్‌లోనే కాపురం ఉండి, నెలల తరబడి ఒకేచోట ఏసీ నడిపేవాళ్ళయితే కంతలో కుక్కుకునే పాత పద్ధతే మేలు అనుకుంటాను.

ఇంకొకటి. ఇంటి దగ్గర 30 ఆంపుల సాకెట్ పెట్టించుకుంటే, పెట్టిన మనిషి వెళ్ళకముందే మీటరుతో కొలిపించండి. చూడ్డానికి ఇక్కడి 240 వోల్టుల బట్టల డ్రయ్యర్ సాకెట్‌లా ఉంటుందని మా స్నేహితుడికి ఒకాయన అదే 240 ఇచ్చి వెళ్ళాడు. మైక్రోవేవూ, కన్వర్టరూ ఒక్క నిమిషంలో పోయాయి. దీనికి కావాల్సింది 120 మాత్రమే. 50 ఆంపుల పెద్ద బళ్ళది వేరే ప్లగ్గు, వేరే వైరింగు. నేను వాటి జోలికెప్పుడూ పోలేదు కాబట్టి, మీది అలాంటిదైతే నా మాట పట్టుకోకండి.