మూడేళ్ళ బైపాడ్, ఒక డాలర్ నోటు

బైపాడ్ అంటే తుపాకీ ముందు కొసకి బిగించే రెండు కాళ్ళ స్టాండ్. నా బైపాడ్‌లో నాకు ప్రాణమైనది కాళ్ళు కాదు, తుపాకీని పట్టుకునే తల కింద ఉండే చిన్న లీవరు. వేలెడంత ఉంటుంది. కాస్త వదులు చేస్తే తుపాకీ కుడికీ ఎడమకీ ఒరుగుతుంది. బిగిస్తే ఎలా ఉన్నది అలాగే నిలబడిపోతుంది. మూడేళ్ళుగా దాదాపు ప్రతి శనివారం ఇదే పని చేస్తున్నా, అది బిగుసుకున్నప్పుడు వేలికి తెలిసే ఆ పట్టు మాత్రం ఇంకా పాతబడలేదు.

నిజానికి ఆ లీవరు బైపాడ్‌తో వచ్చింది కాదు. నాది హ్యారిస్ కంపెనీ ఎస్-బీఆర్‌ఎం మోడల్, కాళ్ళ ఎత్తు ఆరు నుంచి తొమ్మిది అంగుళాలది. దానికి గుండ్రటి నట్టు ఉంటుంది, చేత్తో తిప్పి బిగించుకోవాలి. నా వేళ్ళు కీబోర్డుకి అలవాటు పడ్డవి, చలికాలం పొద్దున ఆ నట్టు మీద వాటి ప్రతాపం ఏమీ చూపించలేవు. అందుకని విడిగా లీవరు కొని పెట్టుకున్నాను. చాలామంది చేసే పనే.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. హెచ్-1బీలో ఉన్నన్నాళ్ళూ తుపాకీ జోలికి పోలేదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నాయని తెలుసు, కానీ వీసా మీద ఉన్నవాడికి అలాంటి టెన్షన్ ఎందుకు? గ్రీన్ కార్డు వచ్చాక .308 (గుండు సైజు) బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి తీసుకున్నాను, అంటే ప్రతి గుండుకీ బోల్ట్‌ని చేత్తో లాగాల్సింది. వేటకి వెళ్ళను. కాగితానికి చిల్లులు పెట్టడమే నా సరదా. మామూలుగా 100 గజాలు, నెలకోసారి ఊరి బయట కాల్పుల రేంజ్‌కి వెళ్తే 300.

హ్యారిస్‌కి ముందు ఆన్‌లైన్‌లో నలభై డాలర్లకి దొరికిన నకలు ఒకటి వాడాను. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండేది. నాలుగో వారం ఎడమ కాలు దానంతట అదే లోపలికి జారింది. తుపాకీ మీద గురి చూసుకునే దుర్బిణి, అదే స్కోప్, వెళ్ళి బెంచీకి కొట్టుకుంది. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

ఒరిగే తల ఎందుకంత ముఖ్యమో చెప్పాలి, ఎందుకంటే మొదట్లో నాకే అర్థం కాలేదు. నేల ఎక్కడా చదునుగా ఉండదు. కాళ్ళు నేలకి తగ్గట్టు నిలబడతాయి, వాటి మీద తుపాకీ కూడా ఒక పక్కకి వాలిపోతుంది. 100 గజాల్లో అది పెద్దగా తెలియదు. 300కి గుండు కిందకి దిగిపోతుంది కాబట్టి స్కోప్ మర తిప్పి గురి పైకి సర్దుకుంటాం. అలా సర్దాక తుపాకీ ఐదు డిగ్రీలు వాలిందంటే, పైకి పోవాల్సిన సర్దుబాటులో కొంత పక్కకి పోతుంది. నా .308కి అది దాదాపు రెండంగుళాలు. గాలి అనుకుని గాలిని తిట్టుకుంటాం. స్కోప్ మీద చిన్న బబుల్ లెవెల్ పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా ఒరిగించి లీవరు బిగిస్తే ఆ గొడవ పోతుంది.

కొన్న కొత్తలో మా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను. ఐదు గుళ్ళు కాగితం మీద పడ్డ చిల్లుల గుంపు (దాన్నే గ్రూపు అంటారు) రెండంగుళాల నుంచి అంగుళానికి వచ్చేసిందనీ, అంతా బైపాడ్ మహిమేననీ. అది అబద్ధం కాదు. కాకపోతే అదే రోజు మొదటిసారి తుపాకీ వెనక భాగం కింద కూడా సంచీ పెట్టుకున్నాను. పాత సాక్సులో సోనా మసూరి పోసి ముడేసింది. ముందు రెండు కాళ్ళు, వెనక నీ భుజం మాత్రమే అయితే నువ్వు ఊపిరి తీసిన ప్రతిసారీ గురి లేచి పడుతుంది. ఆ సాక్సుని గుప్పిట్లో పిసికితే గురి వెంట్రుకవాసి పైకి, వదిలితే కిందకి. ఆ అంగుళంలో బియ్యం వాటా ఎంతో నేను లెక్క తీయలేదు, మెసేజ్‌లో రాయనూ లేదు.

అసలు కథ ఆరో నెలలో మొదలైంది. తుపాకీని ఇసుక సంచుల మీద పెట్టి 100 గజాలకి జీరో చేసుకున్నాను, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సర్దుకున్నాను. పక్క వారం బైపాడ్ మీద పెట్టి అవే గుళ్ళు కాల్చాను. గ్రూపు చక్కగా, చిన్నదిగా వచ్చింది. కానీ గురిపెట్టిన చోట రాలేదు. రెండంగుళాలు పైన, కొంచెం కుడికి. సరేనని స్కోప్ సర్దాను. మళ్ళీ వారం కిందకి పడ్డాయి. ఆ పై వారం మొదటి రెండూ మధ్యలో, మిగిలిన మూడూ పైన.

నకలు బైపాడ్ పడ్డప్పుడు దెబ్బ తిన్నది కదా అని మొదట స్కోప్‌ని అనుమానించాను. రింగుల స్క్రూలన్నీ టార్క్ రెంచితో మళ్ళీ బిగించాను. తర్వాత గుళ్ళ మీదకి పోయింది అనుమానం, వేరే పెట్టెలు రెండు కొన్నాను. ఆ తర్వాత నా మీదే. కాఫీ మానేసి వెళ్ళాను ఒక శనివారం. తలనొప్పి వచ్చింది కానీ గుళ్ళు దారికి రాలేదు. చివరికి నా ముద్దుల లీవరు మీద కూడా అనుమానం వచ్చి, అది జారుతోందేమోనని తెల్ల పెయింటుతో గీత పెట్టి చూశాను. గీత కదల్లేదు.

బ్యారెల్, అంటే గుండు వెళ్ళే గొట్టం, స్టాక్‌కి (దాన్ని మోసే కింది చట్రానికి) ఎక్కడైనా తగులుతోందా అన్నది కూడా చూశాను. బ్యారెల్ వెనక మాత్రమే పట్టు కలిగి, మిగతా పొడవంతా దేనికీ తగలకుండా ఉండాలి. మధ్యలో డాలర్ నోటు దూర్చి లాగితే చివరిదాకా హాయిగా పోవాలి. ఇంట్లో తుపాకీని ఒళ్ళో పెట్టుకుని చేశాను. నోటు వెన్నలో కత్తిలా పోయింది. అదొక్కటీ బాగుందని టిక్కు పెట్టేసుకున్నాను.

పక్క బెంచీ మీద ప్రతి వారం కనిపించే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నాలుగు వారాలు నా అవస్థ చూసి, ఆ రోజు ఉండబట్టలేక లేచి వచ్చాడు. అప్పుడే లైన్ కోల్డ్ చేశారు, అంటే ఎవరూ తుపాకీ ముట్టుకోకూడదు. ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. మళ్ళీ హాట్ అనగానే బోల్ట్ తీసి పక్కన పెట్టమన్నాడు. జేబులోంచి నోటు తీసి బ్యారెల్ కింద దూర్చాడు. అటూ ఇటూ లాగాడు, బాగానే ఆడుతోంది. నాకు నవ్వొచ్చింది, ఇది నేను చూసేశాను అన్నాను. ఆయన విననట్టే, ఇప్పుడు కాల్చేటప్పుడు ఎలా కూర్చుంటావో అలా కూర్చో, భుజంతో ముందుకి తొయ్యి అన్నాడు. తోశాను. నోటు ఇరుక్కుపోయింది. లాగితే చిరిగేలా ఉంది.

నా స్టాక్ ప్లాస్టిక్‌ది. ముందు భాగం పల్చన. బైపాడ్ దాని కొసనే బిగించి ఉంటుంది. కాళ్ళు ఊగకుండా భుజంతో ముందుకి వాలమని ఎవరో చెబితే నేర్చుకున్నాను, దాన్ని ఇక్కడ లోడ్ చేయడం అంటారు. నేను వాలినప్పుడల్లా ఆ పల్చటి కొస పైకి వంగి బ్యారెల్‌కి తగులుతోంది. ఎక్కువ వాలితే ఎక్కువ, తక్కువ వాలితే తక్కువ. అందుకే ఒక వారం ఒకలా, ఇంకో వారం ఇంకోలా. ఇసుక సంచి నేను కొసకి కాకుండా వెనక, గుళ్ళు ఉండే మ్యాగజైన్‌కి కాస్త ముందు, గట్టిగా ఉండే చోట పెట్టేవాణ్ణి. అక్కడ వంగడానికి ఏమీ లేదు. బైపాడ్ తప్పేమీ లేదు. అది రాకపోయి ఉంటే మాత్రం ఈ సంగతి నాకు తెలిసేదే కాదు.

ముందు గరుకు కాగితంతో స్టాక్ లోపల అరగదీశాను. కొంత నయమైంది. రెండు నెలలు చూసి, ఇక ఓపిక లేక ఆ స్టాక్ బదులు పెట్టుకునే అల్యూమినియం చాసీ కొన్నాను. బైపాడ్, లీవరు కలిపి అయిన ఖర్చుకి రెండింతలు అయింది. క్రెడిట్ కార్డు బిల్లు చూసి మా ఆవిడ ఒక్క ప్రశ్నే వేసింది: "స్టాండ్ కొన్నాక కూడా ఇంకా కొనేవి ఉంటాయా?" చాసీ వచ్చాక జీరో కదల్లేదు. ఇసుక సంచి మీదైనా, బైపాడ్ మీదైనా అదే చోట.

ఇంకో సంగతి. మా రేంజ్‌లో బెంచీలు కాంక్రీటువి. రబ్బరు కాళ్ళు ఉన్నా, గుండు పేలగానే బైపాడ్ కప్పలా ఎగిరి పక్కకి దిగుతుంది. గుండు ఎక్కడ తగిలిందో స్కోప్‌లో చూసుకునే వీలుండదు. ఇంటి గుమ్మం ముందున్న కాళ్ళు తుడుచుకునే పట్టా తీసుకెళ్ళి కింద వేశాను. గెంతడం చాలావరకు తగ్గింది. పట్టా మాత్రం ఇక కారు డిక్కీలోనే ఉండిపోయింది.

మా నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన బొత్తిగా మెచ్చుకోలేదు. "మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ లండన్‌లో నిలబడి, చేత్తో పట్టుకుని కొట్టాడు కదరా పతకం. నీకెందుకు ఈ కాళ్ళు?" అన్నారు. 2012లో నారంగ్ కంచు తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీల్లో ఇలాంటి ఆధారాలకి చోటే లేదు. నారంగ్‌కి నడుం నొప్పి ఉందో లేదో తెలియదు కానీ నాకుంది నాన్నా అన్నాను.

ఆ నడుం వల్లే నేను నేల మీద బోర్లా పడుకుని కాల్చింది ఈ మూడేళ్ళలో పదిసార్లు ఉంటుందేమో. అలా పడుకున్నప్పుడు ఆరు అంగుళాలు నాకు తక్కువ, ఏడు కాస్త ఎక్కువ. కాళ్ళ మీద గాట్లు అంగుళానికొకటి ఉంటాయి, కాళ్ళు మధ్యలో ఆగవు. మిగతా తేడా బియ్యం సాక్సే చూసుకోవాలి. పొడుగు మెడవాళ్ళో, ఎత్తు గడ్డిలో పడుకునేవాళ్ళో అయితే తొమ్మిది నుంచి పదమూడు అంగుళాలది చూసుకోవచ్చు. వేటకని కొండలెక్కేవాళ్ళకి ముందు కొస మీద ఈ బరువు నచ్చకపోవచ్చు, మడిచి తెరిచినప్పుడు స్ప్రింగులు చేసే చప్పుడు అసలే నచ్చకపోవచ్చు. నాకు కారు దిగితే బెంచీ ఇరవై అడుగుల దూరం. కాగితం ఎక్కడికీ పారిపోదు.

ప్లాస్టిక్ స్టాక్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది కొనాలా అని అడిగితే, ఉన్న బైపాడో లేక ఎవరిదైనా అరువు బైపాడో పెట్టి, వాలి కూర్చుని, నోటు లాగి చూడమంటున్నాను. ఇరుక్కుంటే ఆ డబ్బు ముందు స్టాక్‌కి. నా చేతికి మాత్రం ఆ లీవరు అలవాటైపోయింది, ఇంకోటి కొనే ఆలోచన లేదు.

బియ్యం సాక్సుకి మొన్న వానల్లో పురుగు పట్టింది. ఈసారి ప్లాస్టిక్ పూసలు పోద్దామనుకుంటున్నాను.