సీఐడీ సీరియల్: ఏళ్ల తరబడి చూశాక నా అభిప్రాయం

సోనీ టీవీలో 1998లో మొదలై 2018 దాకా నడిచిన సీఐడీ మా ఇంటిల్లిపాదికీ ఇష్టం. 2024 డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టాక కూడా వదల్లేదు. హిందీ సగం సగమే వచ్చినా కథ అందుతుంది. శివాజీ సాటమ్ ఏసీపీగా చేస్తుంటే కళ్లు తిప్పుకోలేం. ఘటన జరిగిన చోట ఏదీ ముట్టుకోకూడదని మా ఊరి కుర్రాళ్లకు తెలిసిందంటే అది ఈ సీరియల్ పుణ్యమే.

నాకు మింగుడుపడనిది సీరియల్లో శవాలను పరీక్షించే ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంకే ల్యాబ్. అక్కడ అన్నీ వెంటనే తేలిపోతాయి. కోనసీమలో వీఆర్వోగా చేసిన రోజుల్లో మధ్యవర్తిగా శవ పంచనామాలకు వెళ్లి సంతకాలు పెట్టేవాణ్ణి. మా కాలువల్లో పడిన శవం పడినచోట ఉండదు. ప్రవాహానికి కొట్టుకుపోయి ఎక్కడో లాకుల దగ్గర ఆగుతుంది. నీళ్లలో నానిన శవాన్ని చూసి ఏ డాక్టరూ రాత్రి ఫలానా గంటకు చనిపోయాడని చెప్పలేరు, సుమారుగా చెబుతారు. బతికుండగానే మునిగాడా, చంపి పడేశారా అన్నది తేల్చడానికి ఎముక మజ్జలో డయాటమ్‌లు, అంటే నీటిలోని అతిసూక్ష్మ నాచు, ఉన్నాయేమో చూస్తారు. అవి దొరికినా ఆ ఒక్క ఆధారమే సరిపోదు. విషం అనుమానముంటే కడుపు, కాలేయం, మూత్రపిండాల భాగాలు తీసి, సీసాల్లో సీలు వేసి ల్యాబ్‌కి పంపాలి. ఆ రిపోర్టుకు నెలలు పట్టొచ్చు.

సీరియల్లో ఈ ఎదురుచూపే ఉండదు. కొడుకుని పోగొట్టుకున్న ఒకావిడ నన్ను అడిగింది: "టీవీలో వెంటనే చెప్పేస్తారు కదండీ వీఆర్వో గారూ, మావాడి రిపోర్టు ఎవరన్నా తొక్కిపెట్టారంటారా?" అసలే దుఃఖంలో ఉన్న మనిషికి ఆ అనుమానం కూడా తోడైంది. అందుకు నాకు కోపం.

చెంపదెబ్బ తిని నేరం ఒప్పుకునే ముగింపు ఇంకా ప్రమాదం. పోలీసులకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో నేరానికి రుజువుగా చెల్లదు. ఆ సంగతి తెలియక, "ఒప్పుకున్నాడట, ఇంకా విచారణ దేనికి?" అని మా రచ్చబండ దగ్గర తీర్పులు చెప్పేస్తున్నారు.

ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది. దాన్ని పూర్తిగా అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. కొత్త ఎపిసోడ్లలో ఒక్కదాంట్లోనైనా సీలు వేసిన సీసా ల్యాబ్‌కి చేరడం, రిపోర్టు కోసం ఆ ఇంటివాళ్లు కాచుకుని ఉండడం చూపిస్తే బావుండును.