చదరంగ వ్యూహం నేర్చుకోవడానికి లీచెస్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

చదరంగంలో ఏ పావు ఎలా నడుస్తుందో ఒక పూటలో తెలిసిపోతుంది కానీ, చంపడానికీ బెదిరించడానికీ ఏమీ లేని ప్రశాంతమైన స్థితిలో ఏం ఆడాలన్నది మాత్రం అంత తొందరగా కొరుకుడుపడదు. ఆ భాగం కోసమే నేను కొన్నేళ్లుగా లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ వేదికను వాడుతున్నాను. 2010లో తిబో డ్యుప్లెసీ ప్రారంభించిన ఈ వేదికలో ప్రకటనలు ఉండవు, స్టాక్‌ఫిష్ ఇంజిన్‌తో (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో) చేసే విశ్లేషణ సహా అన్నీ ఉచితమే.

కొత్తవారిని ముందుగా పట్టుకునేవి పజిల్స్. ఫోర్క్ (ఒకే పావుతో రెండింటిని ఒకేసారి బెదిరించడం), పిన్ (వెనక ఉన్న విలువైన పావు కోసం ముందు పావు కదలలేకపోవడం) వంటి ఎత్తుగడలకు కన్ను అలవాటుపడటానికి అవి బాగా పనికివస్తాయి. అయితే పజిల్ తెరవగానే ఇక్కడ ఏదో గట్టి ఎత్తు ఉందని మనకు ముందే తెలుసు. అసలు ఆటలో ఆ సంగతి చెవిన వేసేవారెవరూ ఉండరు. కాబట్టి పజిల్ రేటింగ్ పెరిగినంత మాత్రాన వ్యూహం ఒంటబట్టిందని అనుకోకూడదు.

ఇంజిన్ సంగతీ జాగ్రత్తగా చూడవలసిందే. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో, అంటే తెలుపు ఈ4కు నలుపు ఈ6తో జవాబిచ్చే ఆరంభంలో, తెలుపు తన బంటును ఈ5 గడికి (నిలువు వరుస e, అడ్డు వరుస 5) నెట్టిన స్థితిని తీసుకోండి. సీ8లో ఉన్న నలుపు శకటుకు సొంత బంట్లే, ముఖ్యంగా ఈ6 బంటు, అడ్డుగోడగా మారతాయి. ఇక్కడ ఇంజిన్ సీ5 ఆడమంటుంది, పక్కన ఎవరిది పైచేయో తెలిపే ఒక దశాంశ సంఖ్యను చూపుతుంది, అంతటితో ఊరుకుంటుంది. ఈ5 బంటును నిలబెడుతున్నది డీ4 బంటు గనుక ఆ బంట్ల గొలుసును దాని మొదలు దగ్గరే కొట్టాలనీ, ఆ తర్వాత సీ6కు వచ్చే గుర్రం, బీ6కు వచ్చే మంత్రి కూడా ఆ డీ4 మీదనే గురిపెడతాయనీ అది చెప్పదు. ఆ కారణం తెలిసిన ఆటగాడు ఎత్తులను కంఠస్థం చేయకుండానే చాలా దూరం సరిగ్గా నడవగలడు.

ఈ లోటును పూడ్చేది స్టడీ విభాగం. నేను ఓడిన ఆటను అందులోకి ఎక్కించి, ఇంజిన్‌ను కట్టేసి, కీలకమైన ఎత్తుల దగ్గర అప్పుడు ఏమనుకున్నానో రాసుకుంటాను; ఆ తర్వాతే ఇంజిన్‌ను తెరిచి పోల్చుకుంటాను. ఆట ఆరంభపు ఎత్తులను వెతికి చూసే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో మాస్టర్ల ఆటలు ఉంటాయి గనుక, అదే బంట్ల అమరిక ఉన్న ఒక ఆటను చివరిదాకా చూస్తే, ఆ ఇరుక్కున్న శకటు ఎండ్‌గేమ్‌లోనూ (కొన్ని పావులే మిగిలిన చివరి దశలోనూ) ఎలా భారమవుతుందో అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ వేదికలో అన్నిటికన్నా విలువైన సదుపాయం స్టడీ విభాగమే, విచిత్రంగా నాకు తెలిసిన కొత్త ఆటగాళ్లలో దీన్ని తెరిచేవారు తక్కువ.

ప్రాక్టీస్ విభాగంలోని ఆపోజిషన్ (ఎండ్‌గేమ్‌లో రాజులు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి అడ్డుకోవడం) పాఠాలు చిన్నవే అయినా వదలకూడదు. ఇక ఆటల విషయానికొస్తే, ఒక్కొక్కరికి 15 నిమిషాలు ఉండి, ప్రతి ఎత్తుకు 10 సెకన్లు కలిసే పద్ధతినే ఎంచుకోవడం మేలు. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్‌లో గడియారం తప్ప పథకం గుర్తుండదు, ఆట ముగిశాక స్టడీలో రాసుకోవడానికి ఆలోచనలూ మిగలవు.