విద్యుద్గతిశాస్త్రానికి పునాది: ప్రయోగ నియమాలా, సాపేక్షతా, కనిష్ఠ చర్యా సూత్రమా?

నల్లగొండ మహాత్మా గాంధీ, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలో డిగ్రీ స్థాయిలో భౌతికశాస్త్రం చదివేవారిని విద్యుత్, అయస్కాంత క్షేత్రాల ప్రవర్తనను వివరించే నాలుగు మాక్స్‌వెల్ సమీకరణాల దాకా ఏ దారిన తీసుకెళ్లాలన్నది నిదానంగా ఆలోచించవలసిన విషయం. కూలుంబ్ (1785), అయిర్‌స్టెడ్ (1820), ఫారడే (1831) ప్రయోగాల మీదుగా వెళ్లేది ఒక దారి. కూలుంబ్ నియమానికి ప్రత్యేక సాపేక్షతను జోడించి అయస్కాంతత్వాన్ని రాబట్టేది రెండోది. చర్య అనే గణిత రాశి సాధారణంగా కనిష్ఠమయ్యేలా ప్రకృతి నడుస్తుందనే కనిష్ఠ చర్యా సూత్రంతో మొదలయ్యేది మూడోది. డిగ్రీ స్థాయిలో మొదటిదే మేలని నా దృఢమైన అభిప్రాయం.

దాని బలం ఎక్కడుందో చూడాలంటే, మన పల్లెల్లో సింగిల్ ఫేజ్ బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో ఉండే కండెన్సర్‌ను తీసుకుంటే చాలు. దాని పలకల మధ్యనున్న బంధక పొరను ఆవేశం దాటదు. అయినా దానికి కలిపిన తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. తీగ చుట్టూ ఒక ఊహా వలయం గీసి అయస్కాంత క్షేత్రాన్ని విద్యుత్ ప్రవాహంతో ముడిపెట్టే ఆంపియర్ నియమాన్ని వర్తింపజేస్తే, ఆ వలయం అంచుగా గల తలం తీగను ఖండించినప్పుడు విద్యుత్ ప్రవాహం లెక్కకు వస్తుంది. అదే తలాన్ని సంచిలా సాగదీసి పలకల మధ్య నుంచి పోనిస్తే సున్నా వస్తుంది. ఒకే వలయానికి రెండు జవాబులు కుదరవు కనుక, పలకల మధ్య మారుతున్న విద్యుత్ క్షేత్రాన్ని కూడా ప్రవాహం కింద లెక్కించక తప్పదు. మాక్స్‌వెల్ 1862లో ఒక యాంత్రిక నమూనా ద్వారా సమీకరణంలోని ఈ అదనపు పదానికి చేరుకున్నప్పటికీ, దానిని అనివార్యం చేసేది ఆవేశ నిత్యత్వమే, అంటే మొత్తం ఆవేశం పుట్టదు, నశించదు అన్న నియమమే. ఆ పదం చేరాకే సమీకరణాల నుంచి విద్యుదయస్కాంత తరంగాలు పుడతాయి. వేబర్, కోల్‌రాష్ 1856లో విద్యుత్ కొలతల నుంచి రాబట్టిన నిష్పత్తి ఆ తరంగాల వేగం కాంతి వేగమేనని చూపింది. విద్యార్థి ఇదంతా తన కళ్లముందే జరుగుతున్నట్టు చూడగలగడం ఎంతో విలువైనది.

రెండో దారి ఆకర్షణ కూడా తక్కువది కాదు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగి తీగలో ఒక ఆంపియర్ ప్రవహిస్తుంటే ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు వేగంతోనే జరుగుతాయి. కాంతి వేగంతో పోలిస్తే లెక్కలోకే రాని ఈ చలనపు సాపేక్ష ప్రభావం, ధన రుణావేశాల విద్యుత్ బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడం వల్ల, అయస్కాంత బలంగా మన చేతికి తెలుస్తుంది. అయితే కూలుంబ్ నియమం, సాపేక్షత ఈ రెండే చాలునన్న మాట సరికాదు. న్యూటన్ గురుత్వ నియమం కూడా దూరపు వర్గానికి విలోమానుపాతంలోనే ఉంటుంది. దానిని సాపేక్షతతో సమన్వయపరచినప్పుడు మాక్స్‌వెల్ సమీకరణాలు రాలేదు, ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతమైన సాధారణ సాపేక్షత వచ్చింది. ఆవేశం చలనంతో మారదన్న ప్రయోగ సత్యాన్నీ, త్వరణంలో ఉన్న ఆవేశాల గురించి మరికొన్ని ఊహలనూ చేర్చాల్సిందే.

మూడో దారైన చర్యా సూత్రంలో పొటెన్షియళ్లే, అంటే విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను రాబట్టే గణిత రాశులే, మూలం. నాలుగు సమీకరణాల్లో రెండు వాటి నిర్వచనం నుంచే వస్తాయి, క్షేత్రాలు మారకుండా పొటెన్షియళ్లను మార్చుకోగల వెసులుబాటు అయిన గేజ్ సౌష్ఠవం నుంచి ఆవేశ నిత్యత్వం వస్తుంది. ఇంత పొందికైన పునాది మరొకటి లేదు. కానీ ఆ చర్యనే ఎందుకు ఎంచుకున్నామని అడిగితే చివరకు ప్రయోగాలనే చూపాలి. బిందు ఆవేశపు స్వీయశక్తి (దాని సొంత క్షేత్రంలోని శక్తి) అనంతమన్న చిక్కును మాత్రం మూడు దారుల్లో ఏదీ తీర్చదు.

మొదటి దారిలో వచ్చిన విద్యార్థికి సాపేక్షతను పరిచయం చేయడానికి తగిన చోటు ప్రయోగశాలలోనే ఉంది. తీగచుట్ట వైపు దండాయస్కాంతాన్ని జరిపినా, అయస్కాంతం వైపు తీగచుట్టను అంతే వేగంతో జరిపినా గాల్వనామీటరు ముల్లు ఒకేలా కదులుతుంది. మొదటి సందర్భంలో ప్రేరిత విద్యుత్ క్షేత్రం కారణమంటాం, రెండో దానిలో కదిలే ఆవేశాలపై అయస్కాంత బలం కారణమంటాం. ఐన్‌స్టీన్ 1905 నాటి వ్యాసాన్ని మొదలుపెట్టింది ఈ పొంతనలేమితోనే. అక్కడ రెండో దారిని తెరిచి, చర్యా సూత్రాన్ని ఎమ్మెస్సీకి ఉంచితే సరిపోతుంది.