కాన్సర్టినాను వెతుక్కుంటూ ఇంగ్లండులో

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో వీట్‌స్టన్ బ్రిడ్జి లెక్కలు చేసినవారిలో చాలామందికి, ఆ చార్లెస్ వీట్‌స్టన్ ఒక సంగీత వాద్యాన్ని కూడా రూపొందించాడని తెలియదు. వాద్యాలు తయారుచేసి అమ్మే కుటుంబం నుంచి వచ్చిన ఆయన 1829లో ఒక పేటెంటు, 1844లో మరొక పేటెంటు తీసుకుని తీర్చిదిద్దిన ఆ వాద్యం పేరు కాన్సర్టినా. రెండు అరచేతుల మధ్య ఇమిడే ఆరు పలకల పెట్టె, నడుమ ముడుచుకునే తిత్తి, రెండు పక్కలా బొత్తాలు, లోపల మన హార్మోనియంలో ఉన్నట్టే గాలికి పలికే లోహపు రీడ్లు. మా నాన్నగారు తెనాలి ప్రాంతంలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. అందువల్ల రెడింగ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు గడిపే వీలు చిక్కినప్పుడు, ఈ వాద్యాన్నీ, దానిని నేటికీ వాడుకలో నిలిపిన ఇంగ్లిష్ జానపద సంగీత సమాజాన్నీ దగ్గరగా చూడాలని నిశ్చయించుకున్నాను.

మొదట వెళ్ళినది దక్షిణ లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం. రెడింగ్ నుంచి ఎలిజబెత్ లైన్‌లో వైట్‌చాపెల్ వరకు వెళ్ళి, అక్కడ ఓవర్‌గ్రౌండ్ రైలు ఎక్కితే ఫారెస్ట్ హిల్ స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి నడక దూరమే, కాకపోతే దారి ఎగువకు ఉంటుంది. ప్రధాన గ్యాలరీలకు ప్రవేశ రుసుము లేదు. నీల్ వేన్ అనే సేకర్త కూడబెట్టిన కాన్సర్టినాలు, వాటి బంధువర్గపు వాద్యాలు కలిపి ఆరు వందలకు పైగా ఈ మ్యూజియం 1996లో సంపాదించింది. వీట్‌స్టన్ కంపెనీ ఖాతాపుస్తకాలు కూడా ఇక్కడే ఉన్నాయి. పాత వీట్‌స్టన్ వాద్యం ఎవరికైనా దొరికితే, దాని మీది వరుస సంఖ్యను బట్టి అది ఏనాటిదో ఆ పద్దులలో వెతుక్కోవచ్చు. వాటి ప్రతులను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు కూడా. అయితే అద్దాల వెనుక ఉన్న వాద్యాన్ని ఎంతసేపు చూసినా దాని పలుకు ఎటువంటిదో పట్టుబడదు. ఒక పూట కేటాయిస్తే చాలు.

లండన్‌లోనే కామ్డెన్ టౌన్ ట్యూబ్ స్టేషన్‌కు పది నిమిషాల నడకలో, ఇంగ్లిష్ జానపద గీతాలు సేకరించిన సెసిల్ షార్ప్ పేరుతో ఉన్న సెసిల్ షార్ప్ హౌస్ సంగతి వేరు. 1930లో తెరిచిన ఈ భవనం ఇంగ్లిష్ ఫోక్ డాన్స్ అండ్ సాంగ్ సొసైటీకి కేంద్రం; వాన్ విలియమ్స్ మెమోరియల్ లైబ్రరీ ఇందులోనే ఉంది. సభ్యత్వం లేనివారు కూడా కూర్చుని చదువుకోవచ్చు. పాటలు సేకరించినవారి చేతిరాత ప్రతులలో, పల్లెటూరి ముసలివారి నోట విన్న వరుసను అక్కడికక్కడే స్వరాలుగా రాసుకున్న తీరు చూస్తుంటే నాకు సమయం తెలియలేదు. లైబ్రరీ వారమంతా తెరిచి ఉండదు కనుక వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళాలి.

ఆ సేకరణకు బీజం పడిన చోటు ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న హెడింగ్టన్. 1899లో క్రిస్మస్ మరునాడు, అత్తగారింట ఉన్న సెసిల్ షార్ప్ వాకిటికి, ఇంగ్లండు పల్లెల జానపద నృత్యమైన మోరిస్ ఆడే బృందం ఒకటి వచ్చింది. తాపీపని చేసే విలియం కింబర్ ఆ బృందానికి ఆంగ్లో అనే రకం కాన్సర్టినా వాయిస్తున్నాడు. మోరిస్ ఆడవలసిన కాలం అది కాదు. మంచు వల్ల పనులు ఆగిపోయి నాలుగు డబ్బులకోసం బయలుదేరారు. షార్ప్ మరునాడు కింబర్‌ను మళ్ళీ పిలిపించుకుని ఆ వరుసలు రాసుకున్నాడు. కూలి దొరకని రోజున కడుపుకోసం వాయించిన వాద్యం ఒక దేశం తన పాటను తిరిగి తెలుసుకోవడానికి కారణమైందన్న మాట నన్ను ఆ వీధుల్లో చాలాసేపు తిప్పింది. పనిగట్టుకుని చూడవలసినవి అక్కడ పెద్దగా లేవు. ఆక్స్‌ఫర్డ్ వెళ్ళినవారు సిటీ బస్సులో ఒక గంట పక్కకు వచ్చి చూస్తే సరిపోతుంది.

ఆగస్టులో సిడ్మత్ వెళ్ళాను. డెవన్ తీరంలో ఎర్రని కొండచరియల మధ్య ఉన్న ఈ చిన్న పట్టణంలో 1955 నుంచి జానపద ఉత్సవం జరుగుతోంది. ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు. ఎక్సెటర్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. నేను బస వెతకడం ఆలస్యం చేయడంతో ఊళ్ళో గది దొరకలేదు. ఎక్సెటర్‌లో దిగిన లాడ్జిలో రెండు రోజులూ వేడినీళ్ళు రాలేదు, అడిగితే సమాధానం చెప్పేవారూ లేరు. అంతకంటే పెద్ద నష్టం, చివరి బస్సు కోసం రాత్రి పాట ఊపందుకునే వేళకు లేచి రావలసి రావడం. కనుక సిడ్మత్ వెళ్ళేవారు ఖర్చు ఎక్కువైనా ఊళ్ళోనే గది తీసుకోవాలి, లేదా ఉత్సవంవారి శిబిరంలో గుడారం వేసుకోవాలి.

టికెట్టు కొన్న కచేరీలకంటే పబ్బులలో జరిగే సెషన్లే నాకు ఎక్కువ తృప్తినిచ్చాయి. వేదిక లేదు, మైకు లేదు. బల్ల చుట్టూ ఫిడేళ్ళు, మెలోడియన్లు అనే బొత్తాల అకార్డియన్లు, కాన్సర్టినాలు. ఒకరు వరుస ఎత్తుకుంటారు, తెలిసినవారు అందుకుంటారు, రెండు మూడు ఆవృత్తాలయ్యాక ఎత్తుకున్నవారే కళ్ళతో సైగ చేసి మరో వరుసకు మళ్ళిస్తారు. మన రామకోవెలలో భజన ఎలా సాగుతుందో అచ్చంగా అలాగే. వినడానికి వచ్చినవారు తాగడానికి ఏదో ఒకటి కొనుక్కోవడం, వాయించేవారి కుర్చీల్లో అడగకుండా కూర్చోకపోవడం అక్కడి మర్యాద. అయితే ఆ రద్దీలో ఒకరిని ఆపి బొత్తాల అమరిక గురించి అడిగే వీలు చిక్కదు.

ఆ వీలు పుష్కలంగా దొరికిన చోటు సోమర్సెట్‌లోని హాల్స్‌వే మేనర్. క్వాంటాక్ కొండల ఒడిలో ఉన్న ఈ పాతకాలపు రాతి భవంతి 1965 నుంచి జానపద కళల శిక్షణకేంద్రంగా నడుస్తోంది. అక్టోబరులో ఒక వారాంతపు తరగతికి చేరాను. రుసుములోనే పడక, భోజనాలు, పాఠం అన్నీ కలిసి ఉన్నాయి. శాకాహారినని ముందుగా రాసినందుకు ప్రతి పూటా నాకు విడిగా వండి పెట్టారు. పాత భవనం కనుక మెట్లు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవారు కింది గది అడగడం మంచిది. టాంటన్ స్టేషన్‌కు రైలు సౌకర్యం బాగానే ఉంది. అక్కడి నుంచే చిక్కు. ముందుగా మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, ఫోను ఎత్తలేదు. మైన్‌హెడ్ బస్సు ఎక్కి, పెద్ద రోడ్డు మీద దిగి, చీకటి పడుతుండగా సన్నని దారిలో నడిచాను. ఆదివారం తిరుగు ప్రయాణానికి తోటి విద్యార్థి ఒకరు తన కారులో చోటిచ్చారు.

రెండవ రోజు ఒక పెద్దావిడ తన వాద్యాన్ని నా చేతిలో పెట్టారు. అది నలభై ఎనిమిది బొత్తాల ఇంగ్లిష్ కాన్సర్టినా. కింబర్ వాయించిన ఆంగ్లో రకంలో ఒకే బొత్తాం తిత్తి లాగినప్పుడు ఒక స్వరం, నొక్కినప్పుడు మరొక స్వరం పలుకుతుంది. ఇంగ్లిష్ రకంలో లాగినా నొక్కినా ఒకటే స్వరం. బొటనవేళ్ళు తోలుపట్టీలలో దూర్చి, చిటికెన వేళ్ళు లోహపు ఆనికల కింద ఉంచాలి. శంకరాభరణం ఆరోహణ పలికించి చూశాను. స ఎడమ చేతిలో, రి కుడి చేతిలో, గ మళ్ళీ ఎడమలో, మ కుడిలో. ఇలా స్వరాలు చేతులు మారుతూ పైకి వెళ్ళి, తారస్థాయి షడ్జం కుడిచేతికి వస్తుంది. హార్మోనియం మీద ఒక చేయి తిత్తికి అంకితమైపోతుంది. ఇక్కడ రెండు చేతులూ తిత్తిని నడుపుతూనే పాటను పంచుకుంటాయి. గమకం మాత్రం హార్మోనియంలో లాగే ఇందులోనూ పలకదు.

ఆవిడ ఒక పక్కనున్న ఆరు మరలు విప్పి లోపల చూపించారు. చెక్క గదుల మధ్య ఇత్తడి చట్రాలలో బిగించిన ఉక్కు రీడ్లు చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచులకు పరిచి ఉన్నాయి. నాన్నగారు పెట్టె మూత తీసి, మూగబోయిన రీడును పక్షి ఈకతో తుడిచే దృశ్యం కళ్ళముందు మెదిలింది. ఆ మాట ఆవిడకు చెప్పగా, మరలు బిగించి, "ఈ రాత్రికి మీ గదిలో ఉంచుకోండి" అన్నారు.