14416కి కాల్ చేస్తే రోజువారీ గాభరా తగ్గుతుందా? విశాఖవాసుల కోసం టెలి మానస్ సమీక్ష

మానసిక బాధలకు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. చావు ఆలోచనలు వచ్చినవాళ్లకే ఈ నంబరు అనుకుని చాలామంది దాని జోలికే పోరు. అది పొరపాటు. ఇంటర్ ఫలితాలు వచ్చేదాకా అన్నం సహించని తల్లులకు, గాజువాక వైపు షిఫ్టులు మారుతూ నిద్ర చెడినవాళ్లకు, ఓడెక్కిన మనిషి కబురు కోసం చూసే నేవీ ఇళ్లవాళ్లకు, బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే 2014 నాటి హుద్‌హుద్ కళ్లముందు తిరిగేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. పెద్ద కష్టమేమీ లేకుండానే పొద్దుట లేచింది మొదలు గుండెల్లో గుబులుగా ఉన్నవాళ్లూ నిస్సంకోచంగా చెయ్యొచ్చు.

కాల్ కలవగానే రికార్డు గొంతు ఏ భాష కావాలో అడుగుతుంది. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. ఇది మొదటి అంచె. అవసరమనిపిస్తే రెండో అంచెలో ఉండే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు. గాభరాలో ఉన్న మనిషి మాట నాలుగు వైపులా పరుగెడుతుంది కాబట్టి చేసే ముందు ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసి పెట్టుకోండి. ఎన్నాళ్లుగా ఉంది, వారంలో ఎన్ని రోజులు, రాత్రి ఎన్ని గంటల నిద్ర, రోజుకు ఎన్ని కాఫీలు టీలు, సిగరెట్టు మందు అలవాట్లు, వాడుతున్న మాత్రలు, అన్నిటికంటే ఎక్కువ తొలిచే విషయం ఏది. ఇది చేతిలో ఉంటే కాల్‌లో సగభాగం వివరాలకే పోకుండా ఉంటుంది.

అసలు తేడా మీరు అడిగే ప్రశ్నలో ఉంది. "నాకేం కాదు కదండీ?" అని అడిగితే "ఏం కాదు" అన్న జవాబు ఓ గంటసేపు హాయిగా ఉంటుంది, సాయంత్రానికి అదే ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఇంట్లోవాళ్లను పదేపదే అడగడం, గూగుల్‌లో లక్షణాలు వెతకడం, బీపీ మిషను గంటకోసారి చేతికి చుట్టుకోవడం అన్నీ ఇలాంటివే. ఊరట దొరికిన ప్రతిసారీ, ఆ ఊరట లేకపోతే తట్టుకోలేనని మనసు నేర్చుకుంటుంది. రోజూ అదే భరోసా కోసం 14416కి చేసినా ఇదే జరుగుతుంది. అందుకే "గుబులు మొదలైనప్పుడు నేనేం చెయ్యాలో నేర్పండి" అని అడగండి. పని నేర్పించుకునేందుకు వాడితే ఈ సేవ నిజంగా మేలు చేస్తుంది.

సాధారణంగా నేర్పేవాటిలో మొదటిది ఊపిరి. చాలామంది దీన్ని తప్పుగా చేసి వదిలేస్తారు. గాభరాలో గబగబా పెద్దపెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కి తల తేలిపోతుంది. అది చూసి ఇంకా భయపడతారు. కూర్చుని, ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ మామూలుగా పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. 5 నిమిషాలు చాలు. మనసు కుదురుగా ఉన్నప్పుడు రోజూ సాధన చేసినవాళ్లకే అవసరానికి అది అందుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయమనే పాత సలహా మాత్రం వద్దు, ఉబ్బసమో గుండెజబ్బో ఉంటే ప్రమాదం.

రెండోది చింతకు ఒక వేళ కేటాయించడం. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి, 15 నుంచి 20 నిమిషాలు. పడుకునే ముందు కాదు, సాయంత్రం 6 గంటల ప్రాంతంలో. పగలు వచ్చిన చింతను ఒక్క ముక్కలో రాసి ఆ వేళకు వాయిదా వెయ్యాలి. కూర్చున్నాక రెండుగా విడదీయాలి. తుపాను హెచ్చరిక వచ్చిందనుకోండి. టార్చి, నీళ్లు, మందులు, పవర్ బ్యాంకు సిద్ధం చెయ్యడం మన చేతిలో పని, వెంటనే చేసెయ్యాలి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నది మన చేతిలో లేదు, దాన్ని కాగితం మీదే వదిలెయ్యాలి. మొదటి వారం ఇది పని చెయ్యనట్టే ఉంటుంది. చింతలు రాకుండా ఆపుతుందని ఎదురుచూస్తే నిరాశే, వాయిదా వెయ్యడం అలవాటు చెయ్యడమే దీని పని.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. కెఫీన్ సగం తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. బీచ్ రోడ్డులో సాయంత్రం 6కి తాగిన కాఫీలో సగం రాత్రి 11కి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

ఇక ఈ సేవ అందించలేనివి. ప్రతిసారీ ఒకే కౌన్సెలర్ దొరుకుతారన్న నమ్మకం లేదు, కాబట్టి వారం వారం సాగే చికిత్సకు ఇది బదులు కాదు. కౌన్సెలర్లు మందులు రాయరు. మొదటి కాల్‌కు ఇంతకంటే సులువైన దారి లేదు, కొనసాగింపుకు మాత్రం ఎదుట కూర్చునే మనిషి కావాలి. ఆ గీత ఎక్కడో తెలుసుకోవడానికి గాభరా ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి 7 ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవాల్సిందే.

మనకు వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. వాల్తేరు ఆసుపత్రి పేరు చెబితే నలుగురూ ఏమనుకుంటారోనని వెనకాడి ఏళ్ల తరబడి బాధ మోసేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఓపీకి ఉదయాన్నే వెళ్లండి, ఆధార్, పాత చీటీలు, కాల్‌కు ముందు రాసుకున్న ఆ కాగితం పట్టుకెళ్లండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది, ఆ పరీక్షలు చేయించమని అడగండి. మొదటిసారి ఛాతీ నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే మాత్రం 14416 కాదు, 108.

గాభరాకు, కుంగుబాటుకు వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందు డాక్టరు రాస్తే ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, తొలి రోజుల్లో గాభరా కాస్త పెరగొచ్చు కూడా. పది రోజులకే పనిచెయ్యలేదని మానేసేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. అల్ప్రజోలమ్ లాంటి మాత్రలు వెంటనే హాయినిస్తాయి, అలవాటూ పడతాయి. వాటిని పక్కింటివాళ్ల చీటీతో కొనొద్దు, వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు. మోతాదు మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో రాసిన డాక్టరునే అడగాలి.